అబ్రహాము లింకను: ఎరువు తెచ్చుకొన్న గ్రంథములు

అమెరికా సంయుక్త రాష్ట్రములకు పదునారవ అధ్యక్షుడైన అబ్రహాము లింకను పేరు విననివారు మన పల్లెలలో కూడ అరుదు. దుంగల ఇంటిలో పుట్టి శ్వేతసౌధము చేరినవాడనియు, బానిసలకు విముక్తి నొసంగినవాడనియు, తుదకు హంతకుని గుండునకు బలియైనవాడనియు బడిపిల్లలు సైతము చెప్పగలరు. ఈ మూడు మాటలును నిజమే. కాని మనిషి వీని నడుమ ఎక్కడనో దాగియున్నాడు. ఆ మనిషి ఏ విధముగా తయారయ్యెను, అందుకు ఎంతకాలము పట్టెను అను సంగతి గ్రంథాలయ చందాదారులకు ప్రత్యేకముగా తెలియదగినది. ఏలయన, పాఠశాలలో నిండుగా ఒక్క సంవత్సరమైనను చదువని ఆ మనిషికి విద్య యంతయు ఇతరుల ఇండ్ల నుండియు, ప్లీడర్ల కచేరీల నుండియు, గ్రంథాలయముల నుండియు ఎరువు తెచ్చుకొన్న పుస్తకముల వలననే అబ్బినది. ఎరువు సొమ్ము బరువుచేటని మన పెద్దలు చెప్పుదురు. అది నగల విషయము.

లింకను 1809వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన కెంటకీ రాష్ట్రమున హాడ్జెన్‌విల్ అను ఊరి చేరువ నొక పొలములో జన్మించెను. చెట్ల దుంగలను ఒకదానిపై నొకటి పేర్చి, సందులను మట్టితో పూడ్చిన ఒంటిగది ఇల్లు అది. తండ్రి థామసు వడ్రంగి, సేద్యగాడు; ప్రయాసపడి తన పేరు మాత్రము వ్రాయనేర్చినవాడు. తల్లి నాన్సీ హాంక్సు. సారా అను అక్క రెండేండ్లు పెద్దది. ఆ కాలమున కెంటకీలో భూముల కొలతలు సరిగా లేక, ఒకే నేలకు ఇద్దరు ముగ్గురు హక్కుదారులు బయలుదేరుచుండిరి. థామసు కొన్న పొలములు ఇట్టి దావాలలో చిక్కుకొనెను. పట్టాల తగాదాలు చూచిన మన రైతులకు ఈ బాధను వేరుగా వివరింప నక్కరలేదు. కొంత ఈ కారణమునను, కొంత ఆ రాష్ట్రమున బానిసవ్యవస్థ యుండుటచేతను అతడు 1816 చివరి దినములలో భార్యాబిడ్డలతో ఒహైయో నదిని దాటి, బానిసత్వము లేని ఇండియానా అడవులకు తరలిపోయెను.

అక్కడ అంతయు కొట్టి బాగుచేయవలసిన అడవి. ఎనిమిదేండ్ల వయస్సుననే బాలుని చేతికి గొడ్డలి వచ్చెను; ఇరువదిమూడవ ఏటి వరకు అది ఇంచుమించుగా చేతి నుండి దిగలేదు. 1818 అక్టోబరులో ఆ ప్రాంతమున పాలజబ్బు అను వింతవ్యాధి వ్యాపించెను. అడవిలో నీడపట్టున పెరుగు తెల్లపూల విషపు మొక్కను ఆవులు మేయగా, వాని పాలు త్రాగినవారు వణకు, వాంతులతో కొలది దినములలోనే మరణించుచుండిరి. కారణము ఆ మొక్కయేనని శాస్త్రజ్ఞులు నిశ్చయించుట ఇరువదవ శతాబ్దిలో గాని జరుగలేదు. నాన్సీ ఆ వ్యాధికి గురియై అక్టోబరు 5వ తేదీన కన్నుమూసెను. తండ్రి పలకలు కోసి పెట్టె చేయుచుండగా, దానికి కావలసిన చెక్కమేకులను తొమ్మిదేండ్ల కొడుకు చెక్కి యిచ్చెనని చెప్పుదురు.

మరుసటి సంవత్సరము డిసెంబరులో థామసు కెంటకీకి పోయి, ముగ్గురు పిల్లలు గల సారా బుష్ జాన్‌స్టన్ అను వితంతువును వివాహమాడి తీసికొనివచ్చెను. సవతితల్లి యనగానే మన కథలలో వలెనే అచటి కథలలోను కఠినురాలగుట వాడుక. ఈమె అట్టిది కాదు. మాసి చిక్కియున్న ఆ ఇద్దరు బిడ్డలను కడిగి, కట్టబెట్టి, తన పిల్లలతో సమానముగా చూచెను. తాను చదువెరుగకున్నను, బాలుడు చదువుకొనుచుండగా ఎవరును ఆటంకపరుపకుండ అడ్డుపడెడిది. తండ్రికి మాత్రము కొడుకు చదువు అంతగా రుచింపలేదు. పొలములో పనియుండగా చెట్టుక్రింద పుస్తకము పట్టుకొని కూర్చుండుట ఆయన కంటికి సోమరితనముగా కనబడెను. తండ్రీకొడుకుల మధ్య నేర్పడిన ఈ ఎడము కడవరకు తీరలేదు. 1851లో తండ్రి మరణశయ్యపై నుండగా లింకను చూడబోలేదు, అంత్యక్రియలకును వెళ్ళలేదు. జీవితకథలు వ్రాయువారు ఈ సంగతిని తేలికగా దాటివేయుదురు గాని, దాటదగినది కాదు.

అడవిలో బడులు మన పాతకాలపు వీధిబడుల వంటివి. పిల్లలందరును తమ తమ పాఠములను ఒక్కసారిగా గట్టిగా వల్లించవలెను. గోల తగ్గినచో ఉపాధ్యాయుని బెత్తము లేచును. లింకను అట్టి బడులకు అప్పుడొక నెల, అప్పుడొక నెల పోయెను. అన్నియు కలిపినను ఏడాది కాలేదు. ఆ బడి వాసన కడవరకు మిగిలెను: పెద్ద ప్లీడరైన తరువాత కూడ వార్తాపత్రికను బిగ్గరగా చదువుచుండగా, ఆయనతో కలిసి పనిచేయు విలియం హెర్న్‌డన్ అను యువకుడు విసుగుకొనెడివాడు. కన్నును చెవియు రెండును పట్టుకొన్నచో విషయము మనస్సున నిలుచునని లింకను సమాధానము.

కాగితము దొరకని ఆ ఇంటిలో బాలుడు కట్టెపారమీద బొగ్గుతో లెక్కలు చేసి, నిండిన తరువాత కత్తితో గీకి, మరల వ్రాసెడివాడు. బైబిలు, ఈసపు నీతికథలు, యాత్రికుని ప్రయాణము, రాబిన్‌సన్ క్రూసో అతడు చిన్ననాట చదివిన గ్రంథములు. ఇవి ఎన్నిసార్లు చదివెనో లెక్కలేదు. పది పుస్తకములను ఒక్కొక్కమారు చదువుటకును, నాలుగు పుస్తకములను పదిమార్లు చదువుటకును గల భేదము అతని మాటలోని పొందికలో కనబడునని ఈ వ్యాసకర్త తలంపు.

అట్లు లభించిన పుస్తకములలో నొకటి ప్రథమాధ్యక్షుడైన జార్జి వాషింగ్టను జీవితచరిత్రము. దీనిని వ్రాసినవాడు వీమ్సు అను క్రైస్తవ బోధకుడు. జొసయ్య క్రాఫర్డు అను పొరుగు రైతు నుండి లింకను పుస్తకమును ఎరువు తెచ్చుకొని, రాత్రి చదివి, పండుకొనునపుడు గోడ దుంగల సందున పెట్టెను. తెల్లవారునప్పటికి వాన కొట్టి అట్టయు పుటలును తడిసి ఉబ్బిపోయెను. బాలుడు ఆ తడి పుస్తకముతోనే క్రాఫర్డు ఇంటికి పోయి, సొమ్ము లేదు గనుక పని చేసి తీర్చుదునని ఒప్పుకొనెను. రెండుమూడు దినములు మొక్కజొన్న మేత కోసి ఋణము తీర్చెను. పుస్తకము అతనిదే అయ్యెను. ఈ కథను ఆ ఇరుగుపొరుగువారే తరువాతి కాలమున చెప్పిరి.

ఇందులో నొక చమత్కారమున్నది. ఆ వాషింగ్టను చరిత్రము అంత నమ్మదగిన గ్రంథము కాదు. తండ్రి పెంచిన చెర్రీచెట్టును గొడ్డలితో కొట్టి, ఆ తప్పును ఒప్పుకొన్న బాలుని కథ వీమ్సు చేర్చినదే. దానికి ఆధారము లేదని చరిత్రకారుల నిర్ణయము. అయినను ఆ గ్రంథములో డెలావేరు నదిని మంచుగడ్డల నడుమ దాటి ట్రెంటను వద్ద వాషింగ్టను సేన చేసిన పోరాటము నిజమైనది. అది లింకను మనస్సున ఎంతగా నాటుకొనెననగా, 1861 ఫిబ్రవరిలో అధ్యక్షపదవి స్వీకరించుటకు పోవుచు ట్రెంటనులో ఆగినపుడు, ఆ పుస్తకమును పేర్కొని, ఆ సైనికులు అంత కష్టమునకు ఓర్చుటకు ఏదో సామాన్యము కాని లక్ష్యము ఉండి యుండవలెనని బాలుడుగా నున్నపుడే తాను తలచితినని అచటి శాసనసభ్యులకు చెప్పెను.

పందొమ్మిదవ ఏట అక్క సారా ప్రసవవేదనలో మరణించెను. అదే సంవత్సరము, 1828లో, అతడు సరుకుల తెప్పపై మిసిసిపీ నదిలో న్యూ ఆర్లియన్సు వరకు పోయెను; 1831లో మరల పోయెను. మనుష్యులను వేలము వేయు బజారులు గల ఊరది. 1830లో కుటుంబము ఇల్లినాయి రాష్ట్రమునకు మారెను. మరుసటి ఏడు లింకను తండ్రి ఇల్లు విడిచి న్యూ సేలం అను చిన్న గ్రామములో నొక దుకాణమున గుమాస్తాగా కుదిరెను.

న్యూ సేలంలో గడచిన ఆరు సంవత్సరములే అతని కళాశాల యనవచ్చును. వ్యాకరణము రానిదే సభలో మాట్లాడుట కష్టమని తోచి, కర్కాము వ్రాసిన ఆంగ్లవ్యాకరణము ఆరు మైళ్ళ దూరమున నొక ఇంట నున్నదని విని, నడచిపోయి తెచ్చుకొనెను. 1832లో శాసనసభకు పోటీచేసి ఓడిపోయెను, పదుమూడుగురిలో ఎనిమిదవవాడు. పిమ్మట బెర్రీ అనువానితో కలిసి అప్పుచేసి దుకాణము పెట్టగా అది దివాలా తీసెను. బెర్రీ మరణింపగా అతని అప్పుకూడ లింకను నెత్తినబడెను. మొత్తము వెయ్యి డాలర్లకు పైబడిన ఆ బాకీని తీర్చుటకు సంవత్సరములు పట్టెను. ఒకమారు ఋణదాత దావాలో గెలిచి, గుఱ్ఱమును, కొలత సామానులను వేలము వేయింపగా, ఒక స్నేహితుడు వానిని కొని తిరిగి అతనికే అప్పగించెను. ఆ కొలత పని కూడ పుస్తకముతో నేర్చినదే. సర్వేయరునకు సహాయకుడు కావలెనని తెలిసి, ఆ శాస్త్రము బొత్తిగా ఎరుగని లింకను రాత్రింబవళ్ళు గ్రంథము పట్టి నేర్చి, పనిలో చేరెను. భూముల కొలత తప్పుగా నుండుటచే పొలము పోగొట్టుకొన్న తండ్రికి కొడుకు భూములు కొలుచువాడాయెను! 1833లో గ్రామపు పోస్టుమాస్టరు ఉద్యోగము దొరకెను. జీతము స్వల్పమే కాని, ఊరికి వచ్చు వార్తాపత్రికలన్నింటిని బట్వాడాకు ముందే తాను చదువవచ్చును. ఉత్తరములను టోపీలో పెట్టుకొని ఇల్లిల్లు తిరిగి యిచ్చెడివాడు.

1834లో రెండవమారు నిలిచి శాసనసభ్యుడయ్యెను. జాన్ స్టూవర్టు అను ప్లీడరు న్యాయశాస్త్రము చదువుమని ప్రోత్సహించి, తన గ్రంథములను ఎరువిచ్చెను. ఇరువది మైళ్ళ దూరమున స్ప్రింగుఫీల్డు పట్టణమునకు పోయి ఒక పుస్తకము తెచ్చుట, చదివి అప్పగించి మరియొకటి తెచ్చుట. ఇదియే అతని న్యాయకళాశాల. గురువు లేడు, సహపాఠి లేడు. చెట్టు నీడ జరిగిన కొలది తానును జరుగుచు, కాళ్ళు మ్రానికి ఆనించి చదువుచుండగా ఊరివారు వింతగా చూచుచుండిరి. 1836లో ప్లీడరు పట్టా లభించెను. 1837 ఏప్రిలులో ఎరువు తెచ్చుకొన్న గుఱ్ఱముపై స్ప్రింగుఫీల్డు చేరి ఆ స్టూవర్టుతోనే కలిసి పని ప్రారంభించెను.

తరువాతి పదునేడు సంవత్సరముల కథను త్వరగా చెప్పవచ్చును. 1842 నవంబరు 4వ తేదీన మేరీ టాడ్ అను విద్యావతిని వివాహమాడెను. నలుగురు కుమారులు కలిగిరి. వారిలో రాబర్టు ఒక్కడే పెద్దవాడగువరకు బ్రతికెను. 1847 నుండి 1849 వరకు కాంగ్రెసు సభ్యుడుగా నుండి, మెక్సికోపై యుద్ధము అన్యాయమని ఎదిరించి, సొంత జిల్లాలో అప్రతిష్ఠ తెచ్చుకొని తిరిగివచ్చెను. పిదప కోర్టులవెంట ఊరూర తిరుగుచు వకాలతు సాగించెను. ఆ ప్రయాణములలో, సత్రములో తోడి ప్లీడర్లు గురకలు పెట్టుచుండగా, నలుబదేండ్లు దాటిన ఈ మనిషి కొవ్వొత్తి వెలుగున యూక్లిడు రేఖాగణితము ఆరు భాగములు సాధించెను. ఒక విషయము నిరూపింపబడుట యనగా నేమో స్పష్టముగా తెలియవలెనని ఆయన కోరిక.

ఈ తర్కబలము అవసరమగు సమయము 1854లో వచ్చెను. ఆనాడు అమెరికా దక్షిణ రాష్ట్రములలో పత్తి, పొగాకు, చెరకు పంటలన్నియు బానిసల చెమటపైననే సాగుచుండెను. 1860 జనాభా లెక్కలలో బానిసలు ఇంచుమించు 40 లక్షలు. తల్లి యొద్ద నుండి బిడ్డను వేరుచేసి అమ్మవచ్చును. లింకనును తీర్చిదిద్దిన ఆ చదువే వీరికి నిషిద్ధము. పెక్కు దక్షిణ రాష్ట్రములలో బానిసకు అక్షరములు నేర్పుట చట్టప్రకారము నేరము. యజమానులకు పుస్తకమునందు గల భయమును చూచినచో దాని బలము తెలియును. ఇంతకాలము ఉత్తరపు ప్రదేశములలో నిషేధింపబడిన బానిసత్వమును, అచటి నివాసులు కోరినచో రానీయవచ్చునని ఇల్లినాయికే చెందిన సెనేటరు స్టీఫెను డగ్లసు 1854లో చట్టము చేయించెను. వకాలతులో మునిగియున్న లింకను మేల్కొని రాజకీయరంగమునకు మరల వచ్చెను. కొత్తగా ఏర్పడిన రిపబ్లికను పక్షమున చేరెను.

1858లో సెనేటు స్థానమునకై ఈ ఇరువురును ఏడు పట్టణములలో బహిరంగ వాదములు జరిపిరి. వేలకొలది రైతులు బండ్లు కట్టుకొని వచ్చి మూడేసి గంటలు నిలిచి వినిరి. నల్లవాడైనను తన చెమటతో సంపాదించిన రొట్టెను తినుటకు అందరితో సమానుడని లింకను వాదించెను. అయితే ఆ వేదికలపైననే, నల్లవారికి వోటుహక్కు గాని, తెల్లవారితో సంపూర్ణ సాంఘిక సమానత్వము గాని తాను కోరుటలేదనియు చెప్పెను. ఈ రెండవ మాటను దాచినచో ఆయన చరిత్రము వీమ్సు వ్రాసిన చెర్రీచెట్టు కథ యగును. బానిసత్వము తప్పని చిన్ననాటి నుండి ఎరిగినవాడే; నల్లవాడు తనతో సమాన పౌరుడని గ్రహించుటకు మాత్రము ఆయనకు ఇంకను ఏడేండ్లు పట్టెను.

ఆ ఎన్నికలో డగ్లసు గెలిచెను. లింకను దుఃఖించెను గాని ఊరకుండలేదు. పత్రికలలో వచ్చిన ఆ వాదములను కత్తిరించి, క్రమముగా ఒక పుస్తకమున అంటించి భద్రపరచెను. 1860లో అది అచ్చయి విశేషముగా అమ్ముడయ్యెను. అదే సమయమున న్యూయార్కు నుండి ఉపన్యాసమునకు ఆహ్వానము రాగా, స్ప్రింగుఫీల్డులోని రాష్ట్ర గ్రంథాలయములో కూర్చుండి నెలల తరబడి పాత చట్టసభల కార్యక్రమములను పరిశోధించెను. రాజ్యాంగముపై సంతకము చేసిన 39 మందిలో 21 మంది, కేంద్రప్రభుత్వపు ప్రదేశములలో బానిసత్వమును అరికట్టు అధికారము కాంగ్రెసునకు కలదని తమ వోట్ల మూలమున అంగీకరించినట్లు పేరుపేరున తేల్చెను. 1860 ఫిబ్రవరి 27వ తేదీన న్యూయార్కు కూపరు యూనియను మందిరమున ముడుతలు పడిన కొత్త దుస్తులతో నిలిచి ఆ లెక్క చెప్పుసరికి, పల్లెటూరివాడని నవ్వుదమని వచ్చిన పట్టణవాసులు నిశ్శబ్దముగా వినిరి. అధ్యక్షపదవికి ఆయన పేరు వినబడుట ఆ రాత్రి నుండియే బలపడెను. గ్రంథాలయపు బల్లవద్ద గడచిన కాలము ఇంత ఫలము నిచ్చిన సందర్భములు చరిత్రలో తరచుగా కానరావు.

ఆ సంవత్సరము మే నెలలో రిపబ్లికనులు ఆయనను అభ్యర్థిగా నిలుపగానే, జీవితచరిత్రములు పుట్టగొడుగుల వలె వెలువడెను. స్క్రిప్సు అను సంపాదకుడు, లింకను చిన్ననాడు ప్లూటార్కు వ్రాసిన మహాపురుషుల చరిత్రములు చదివెనని ఊహించి వ్రాసెను. నిజమునకు లింకను దానిని చదువలేదు. పుస్తకము అచ్చయిన తరువాత, రచయిత మాట అబద్ధము కాకుండుటకై ప్లూటార్కును సంపాదించి చదివెనని ఒక ఐతిహ్యము కలదు.

నవంబరు 6వ తేదీన లింకను ఎన్నికయ్యెను. నలుగురు అభ్యర్థుల పోటీలో నూటికి 40 వోట్లైనను నిండలేదు. దక్షిణాదిన పది రాష్ట్రములలో ఆయన పేర వోటు చీటీయే లేదు. ఆయన 1861 మార్చి 4వ తేదీన ప్రమాణము చేయులోపలనే ఏడు రాష్ట్రములు సమాఖ్యను విడిచి వేరు ప్రభుత్వము పెట్టుకొనెను. తరువాత మరి నాలుగు చేరెను. ఏప్రిలు 12వ తేదీన సమ్టరు కోటపై ఫిరంగులు ప్రేలుటతో అంతర్యుద్ధము ఆరంభమయ్యెను. ఆ యుద్ధపు వేడి మన తీరమునకును తగిలెను: అమెరికా పత్తి ఇంగ్లండు మిల్లులకు ఆగిపోగా హిందూదేశపు పత్తికి గిరాకి పెరిగి, కాకినాడ రేవు నుండి ఎగుమతులు హెచ్చెను.

యుద్ధమును నడుపవలసినవాడు యుద్ధవిద్య ఎరుగడు. సేనానులు ఒకరి తరువాత నొకరు విఫలులగుచుండగా, 1862 జనవరిలో అధ్యక్షుడు కాంగ్రెసు గ్రంథాలయము నుండి హాలెకు వ్రాసిన సైనికశాస్త్ర గ్రంథమును ఎరువు తెప్పించుకొని చదువ మొదలిడెను. అలవాటు మారలేదు. ఫిబ్రవరి 20వ తేదీన, పదకొండేండ్ల కొడుకు విల్లీ విషజ్వరముతో శ్వేతసౌధముననే మరణించెను. తల్లి మంచము పట్టెను. తండ్రికి దుఃఖించుటకును తీరిక లేదు.

ఆ వేసవిలో ఆయన యుద్ధశాఖ తంతికచేరిలో, వార్తలకై వేచియుండునపుడు, ఒక కాగితముపై కొలది కొలదిగా ఏదో వ్రాయుచుండెను. జులై 22వ తేదీన మంత్రులకు చదివి వినిపించినది అదే, విముక్తి ప్రకటన. ఓటముల నడుమ ప్రకటించినచో నిస్సహాయుని కేక వలె నుండును, ఒక జయము వచ్చువరకు ఆగుమని మంత్రి సీవర్డు చెప్పగా అంగీకరించెను. సెప్టెంబరు 17వ తేదీన ఆంటీటం వద్ద శత్రువు వెనుకకు మరలెను. అయిదు దినములకు ప్రకటన వెలువడెను. 1863 జనవరి 1వ తేదీన తుది ప్రతిపై సంతకము చేయవలెను. ఉదయము నుండి వేలమందితో కరచాలనము చేసి చేయి వణకుచుండెను. వణకిన సంతకమును చూచి, లోకులు తాను సందేహించితినని తలంతురేమోయని కలమును దించి, ఆగి, నిదానముగా పూర్తిపేరు వ్రాసెను. ఆ ప్రకటన తిరుగుబాటు ప్రాంతములకే వర్తించును; సమాఖ్యలో నిలిచియున్న సరిహద్దు రాష్ట్రముల బానిసలకు వర్తింపదు. కాని నల్లవారిని సైన్యమున చేర్చుకొనుటకు అది త్రోవ తెరచెను. యుద్ధాంతమునకు ఇంచుమించు 1,80,000 మంది నల్ల సైనికులు సమాఖ్య సేనలో పనిచేసిరి.

ఇచట మరియొక డగ్లసును పేర్కొనవలెను. ఫ్రెడరికు డగ్లసు మేరీలాండులో బానిసగా పుట్టినవాడు. యజమానురాలు నేర్పబోయిన అక్షరములను యజమాని ఆపివేయగా, వీధిలో తెల్లపిల్లలకు రొట్టెముక్కలిచ్చి చదువు నేర్చుకొని, కూడబెట్టిన కాసులతో ఒక ఉపన్యాసముల పుస్తకము కొని, దాచి చదివి, 1838లో పారిపోయి స్వతంత్రుడైనవాడు. పుస్తకమునకై లింకను మేత కోయవలసివచ్చెను. ఇతడు దెబ్బలకు సిద్ధపడవలసివచ్చెను. లింకను నిదానమును డగ్లసు పత్రికలో తీవ్రముగా ఖండించుచుండెను. 1862 ఆగస్టులో లింకను నల్లవారి ప్రతినిధులను పిలిపించి, మీరు పరదేశమునకు వలసపోవుట ఉభయులకును మేలని చెప్పినపుడు డగ్లసు కోపమునకు మేర లేకపోయెను. అట్టివాడు 1863 ఆగస్టులో, నల్ల సైనికులకు సమానమైన జీతము ఇవ్వవలెనని అడుగుటకు స్వయముగా పోగా, అధ్యక్షుడు లేచి ఎదురువచ్చి కూర్చుండబెట్టి వినెను. కోరినదంతయు ఒసంగలేదు. అయినను, తన రంగును గుర్తుచేయకుండ తనతో మాట్లాడిన పెద్దమనిషి ఇతడని డగ్లసు తరువాత చెప్పుకొనెను. పరదేశవలస మాటను లింకను ఆ తరువాత బహిరంగముగా ఎత్తలేదు.

లోపములు ఇంకను కలవు. యుద్ధకాలమున విచారణ లేకుండ నిర్బంధించుటకు అధికారమిచ్చెను. 1862లో మిన్నెసోటాలో ఆకలికి ఆగక తిరుగబడిన డకోటా జాతివారిలో 303 మందికి సైనిక న్యాయస్థానము మరణశిక్ష విధించెను. కొన్ని విచారణలు కొలది నిమిషములలో ముగిసినవే. లింకను ఆ కాగితములన్నియు పరిశీలింపజేసి పెక్కుమందిని తప్పించెను. కాని డిసెంబరు 26వ తేదీన 38 మందిని ఒక్కసారిగా ఉరితీసిరి. తెల్లవారి ఆగ్రహమునకు ఎదురు నిలిచి అంతమందిని కాపాడెనని కొందరు కొనియాడుదురు. ఆ ముప్పదియెనిమిది కుటుంబముల వైపు నుండి చూచినచో ఆ లెక్క వేరు.

1863 జులై మొదటి మూడు దినములలో గెటిస్‌బర్గు వద్ద జరిగిన ఘోరయుద్ధమున దక్షిణసేన ఓడెను. నవంబరు 19వ తేదీన అచటి శ్మశానవాటికను అంకితము చేయు సభలో ఎవరెట్టు అను ప్రసిద్ధవక్త రెండు గంటలు మాట్లాడెను. లింకను రెండు మూడు నిమిషములలో ముగించెను. అన్నియు కలిపి 272 మాటలకు కొంచెము ఇటునటు. లోకము ఎరిగినది ఆ రెండవదానినే. 1864 ఆగస్టులో, రాబోవు ఎన్నికలో తాను ఓడుట నిశ్చయమని తలచి, అట్లయినచో గెలిచినవానితో సహకరించి దేశమును కాపాడుదునని కాగితముపై వ్రాసి, మడచి, మంత్రులచే చదువకుండనే సంతకములు చేయించి దాచెను. యుద్ధము నడుచుచుండగా ఎన్నికను వాయిదా వేయుట ఆయన తలంపుననే లేదు. నవంబరులో గెలిచెను. బానిసత్వమును సంపూర్ణముగా రద్దుచేయు పదుమూడవ రాజ్యాంగ సవరణ 1865 జనవరి 31వ తేదీన ప్రతినిధుల సభలో నెగ్గెను. రాష్ట్రముల ఆమోదము ఆ డిసెంబరులో పూర్తియగుటను చూచుటకు మాత్రము ఆయన లేడు.

ఏప్రిలు 9వ తేదీన దక్షిణ సేనాని లీ లొంగిపోయెను. నాలుగేండ్లలో మరణించినవారు 6,20,000 అని చిరకాలపు అంచనా; నేటి పరిశోధకులు ఇంకను ఎక్కువ యందురు. 11వ తేదీ రాత్రి శ్వేతసౌధపు కిటికీనుండి లింకను ప్రసంగించుచు, చదువు వచ్చిన నల్లవారికిని, సైన్యమున పనిచేసినవారికిని వోటుహక్కు కలుగుట మేలని తెలిపెను. ఏడేండ్ల క్రిందట వేదికలపై కాదన్న మాటనే ఇపుడు అధ్యక్షుడుగా బహిరంగముగా పలికెను. ఆ జనములో జాను విల్క్సు బూతు అను నటుడు నిలిచి వినుచుండెను. ఇదియే ఆయన కడపటి ప్రసంగమగునని అతడు తోడివానితో అనెను. 14వ తేదీ రాత్రి ఫోర్డు నాటకశాలలో వెనుకనుండి తలలోనికి కాల్చెను. ఎదురింటికి చేర్చగా, ఏప్రిలు 15 ఉదయము 7 గంటల 22 నిమిషములకు లింకను ప్రాణము విడిచెను. వయస్సు 56. చనిపోయిన కొడుకు విల్లీ పేటికను తోడుంచి, 1,600 మైళ్ళకు పైగా రైలులో కొనిపోయి, మే 4వ తేదీన స్ప్రింగుఫీల్డున సమాధి చేసిరి.

పిమ్మట ఆయనయే పుస్తకమయ్యెను. హెర్న్‌డన్ ఊరూర తిరిగి, ఉత్తరములు వ్రాసి, చిన్ననాటి ఎరుకగలవారి జ్ఞాపకములను సేకరించి 1889లో చరిత్రము ప్రకటించెను. తడిసిన పుస్తకము కథ నిలిచినది ఇట్టి సేకరణ వలననే. కార్యదర్శులైన నికొలే, హే 1890లో పది సంపుటములు వ్రాసిరి. కవి శాండ్‌బర్గు ఆరు సంపుటములు వ్రాసెను. ఒకరు ఋషిగా చూపిరి, మరియొకరు మాయలమారి రాజకీయజ్ఞుడుగా చూపిరి. తండ్రి కాగితములను కుమారుడు రాబర్టు కాంగ్రెసు గ్రంథాలయమున కిచ్చుచు, తాను మరణించిన ఇరువదియొక్క సంవత్సరముల వరకు తెరువరాదని నిబంధన పెట్టెను. ఆ గడువు 1947 జులై 26వ తేదీన తీరెను. మన స్వాతంత్ర్యమునకు సరిగా ఇరువది దినములు ముందు. అర్ధరాత్రి పెట్టెలు తెరచునపుడు శాండ్‌బర్గు మొదలగువారు అచటనే వేచియుండిరి. గొప్ప రహస్యములేవియు బయటపడలేదు. విన్నపములు, ఉత్తరములు, దిద్దుబాట్లతో నిండిన చిత్తుప్రతులు మాత్రము వేలకొలది యుండెను.

హత్య జరిగిన రాత్రి ఆయన జేబులలో నున్న వస్తువులను మనుమరాలు 1937లో ఆ గ్రంథాలయమునకే ఒసంగెను. వానిని 1976లో తొలిసారి ప్రజలకు చూపిరి. రెండు జతల కండ్లజోళ్ళు, వానిలో ఒకదానికి విరిగినచోట దారము కట్టియున్నది. కలముకత్తి, చేతిరుమాలు, తోలుసంచిలో దక్షిణ ప్రభుత్వపు చెల్లని అయిదు డాలర్ల నోటు, మడచి పెట్టుకొన్న తొమ్మిది వార్తాపత్రిక కత్తిరింపులు.